మొక్కజొన్న పొత్తులు ఇంట్లో వండిన డైరీ: 59 పొత్తులు, 7 పద్ధతులు, 10 వృథా

పొత్తును ఎన్ని నిమిషాలు ఉడికించాలి అని అడిగితే ఒకరు 3 అంటారు, ఇంకొకరు 40 అంటారు. ఇద్దరూ అనుభవం మీదే చెబుతారు. మా ఇంట్లో ఒకరోజు పొత్తు తేనెలా ఉండేది, అదే గిన్నెలో అంతే సేపు ఉడికించినా మర్నాడు రబ్బరులా సాగేది. మా నాన్నకు పళ్లు బలహీనం, మొక్కజొన్న అంటే మాత్రం ప్రాణం. ఆయన నాలుగు గింజలు కొరికి పక్కన పెట్టిన రోజున నోట్‌బుక్ తీశాను. ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే నా కొలతలు వాడుకోండి. నేను చేసిన తప్పులు మళ్లీ చేయాల్సిన అవసరం ఉండదు.

లెక్కలో "వృథా" అని రాసింది ఎవరూ పూర్తిగా తినలేకపోయిన పొత్తు. రుచి తగ్గినా తినేసినవాటిని వృథాలో కలపలేదు.

సిద్ధం: పనిముట్లు, పొత్తుల గుర్తింపు

వాడినవి: 1 గ్రాము వరకు తూచే వంటింటి త్రాసు, సూది థర్మామీటర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, 6 లీటర్ల గిన్నె, చిల్లుల పళ్లెం, 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్, 800 వాట్ల మైక్రోవేవ్, ఓవెన్, స్టవ్ మీద పెట్టే ఇనుప జాలీ, పొడవాటి పట్టకారు.

పొత్తు లేతదో ముదురుదో తేల్చడానికి గోరే సరిపోతుంది.

1. పై ఆకులు కొంచెం విడదీసి, మధ్య వరసలో ఒక గింజను గోటితో గుచ్చాలి.
2. నీళ్లలా పలచని రసం వస్తే గింజ ఇంకా తయారవలేదు.
3. తెల్లగా పాలలా చిమ్మితే పాల గింజ.
4. ముద్దలా, పిండిలా వస్తే పిండి పట్టిన గింజ.
5. గోరు దిగకపోతే ఆ పొత్తు వంటకు పనికిరాదు, ఎండబెట్టుకోవాలి.

ప్రతి పొత్తుకూ నోట్‌బుక్‌లో "పాలు" లేదా "పిండి" అని రాయాలనుకున్నాను. మొదటి రోజు రాయలేదు. ఆ బద్ధకం ఖరీదు కింద కనిపిస్తుంది.

దశ 1: నీళ్లలో ఉడకబెట్టడం (రోజు 1 నుంచి 4)

మొదటి ప్రయత్నంలో 4 స్వీట్ కార్న్ పొత్తులు చన్నీళ్లలో వేసి స్టవ్ వెలిగించాను. మరగడం మొదలయ్యాక 20 నిమిషాలు ఉంచాను. గింజలు ఉడికాయి, కానీ మెత్తబడి చప్పగా ఉన్నాయి. గిన్నెలో నీళ్లు లేత పసుపు రంగులోకి మారాయి. ఒక చెంచా రుచి చూస్తే తియ్యగా ఉన్నాయి. అంటే గింజలో ఉండాల్సిన తీపిలో కొంత నీళ్లలోకి దిగిపోయింది. బయటకు తీసి పళ్లెంలో వదిలేసిన పది నిమిషాల్లో గింజల మీద సొట్టలు పడ్డాయి. లోపలి ఆవిరి చల్లారి కుంచించుకుంటే పై తోలు లోపలికి లాక్కుపోతుంది. ఉడికించడం తగ్గిస్తే, తీయగానే మూత పెడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

రెండో ప్రయత్నంలో 3 లీటర్ల నీళ్లు బాగా మరిగాకే 3 పొత్తులు వేశాను. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసినవి కావడంతో నీళ్ల వేడి 100 నుంచి 93 డిగ్రీలకు పడిపోయింది. మళ్లీ మరగడానికి 3 నిమిషాలు పట్టింది. అప్పుడు థర్మామీటర్ సూదిని పొత్తు మధ్యలోకి గుచ్చితే 61 చూపించింది. ఉడకలేదనుకుని ఇంకా ఉంచబోతూ ఒక గింజ తిన్నాను. చక్కగా ఉడికింది! తప్పు నా కొలతలో ఉంది. సూది బెండులోకి దిగింది. బెండు లావుగా ఉంటుంది, వేడి అందులోకి నెమ్మదిగా వెళ్తుంది. మనం తినేది గింజను కదా. అప్పటినుంచి సూదిని రెండు వరసల మధ్య ఏటవాలుగా, గింజ మొదలు దగ్గరే ఆగేలా గుచ్చుతున్నాను. ఇలా కొలిస్తే 5వ నిమిషంలో 88 డిగ్రీలు వచ్చింది. ఇంట్లో అందరికీ నచ్చిన మొదటి గిన్నె ఇదే.

మూడో ప్రయత్నం నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో ఉంది. మామూలు మొక్కజొన్న పొత్తులు 3 దొరికాయి. గోటి పరీక్ష చేయలేదు. నిన్నటి 5 నిమిషాలే ఉంచి వడ్డించాను. నాన్న ఒక గింజ నమిలి, "ఏంరా, ఇంకా పచ్చిగానే ఉందే" అన్నారు. మళ్లీ గిన్నెలో వేశాను. 10వ నిమిషంలో గట్టిగా ఉంది, 20లో లోపల మెత్తబడినా తోలు గట్టిగా ఉంది, 35లో తోలు కూడా గట్టిదనం వదిలింది కానీ అప్పటికి అందరి భోజనాలూ అయిపోయాయి. అప్పుడు గోటితో చూస్తే పక్కన ఉన్న ఉడకని గింజ నుంచి ముద్దలా పిండి వచ్చింది. సూది థర్మామీటర్ మాత్రం 10వ నిమిషంలోనే 95 చూపించింది. పాల గింజకు వేడి ఎక్కితే చాలు. పిండి పట్టిన గింజకు వేడి ఎక్కాక కూడా చాలాసేపు ఉండాలి, ఎందుకంటే దాని పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బాలి, తోలు నానాలి. ఎన్ని నిమిషాలు అన్న ప్రశ్నకు రెండు జవాబులు ఎందుకున్నాయో నాకు అర్థమైన రోజు ఇది.

చివరగా ఉప్పు పరీక్ష. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందని అంటారు. ఒకే రకం పాల పొత్తులు 2 తీసుకుని, ఒకటి ఉత్త నీళ్లలో, ఒకటి లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేసిన నీళ్లలో, 5 నిమిషాల చొప్పున ఉడికించాను. కళ్లు మూసుకుని తింటే ముగ్గురిలో ఎవరికీ మెత్తదనంలో తేడా తెలియలేదు. ఉప్పదనం కూడా గింజ లోపలికి వెళ్లలేదు, తోలు అడ్డుకుంది. అంత ఉప్పుకు నీళ్లు మరిగే వేడి 0.2 డిగ్రీ కూడా పెరగదు కాబట్టి త్వరగా ఉడుకుతుందన్న ఆశ కూడా పెట్టుకోనక్కర్లేదు. అందుకే నీళ్లలో ఉప్పు మానేశాను, దించాక వెన్నతో కలిపి రాస్తున్నాను.

దశ 1 తర్వాత పద్ధతి (పాల పొత్తులకు):

1. పొత్తుకు కనీసం 1 లీటరు నీళ్లు.
2. ముందు బాగా మరగనివ్వాలి, తర్వాతే పొత్తులు.
3. మూత పెట్టి 5 నిమిషాలు. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే 6.
4. తీయగానే వెన్న రాసి మూత పెట్టాలి.

*ఇప్పటివరకు: 12 పొత్తులు, వృథా 3.*

దశ 2: ఆవిరి (రోజు 5, 6)

నీళ్లలోకి తీపి పోతోంది కాబట్టి నీళ్లు తగలకుండా వండాలని చూశాను. చిల్లుల పళ్లెం మీద 4 పొత్తులు రెండు వరసలుగా పేర్చి, అడుగున 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పెద్ద మంట మీద పెట్టాను. 15 నిమిషాలకు పై వరస పచ్చిగా ఉందని మూత తీసి చూసి, మళ్లీ పెట్టాను. 22వ నిమిషంలో మాడు వాసన వచ్చింది. నీళ్లు పూర్తిగా ఇంకిపోయాయి, గిన్నె అడుగు నల్లబడింది, కింది రెండు పొత్తులకూ ఆ వాసన పట్టింది. కడిగినా పోలేదు.

పెద్ద మంట వల్ల నిమిషానికి దాదాపు 18 మిల్లీలీటర్లు ఆవిరయ్యాయి. అంత ఆవిరి అవసరమే లేదు, ఎక్కువ భాగం మూత సందుల్లోంచి పోయింది. పైగా మూత తీసిన ప్రతిసారీ లోపలి ఆవిరంతా పోయి మళ్లీ మొదటికొచ్చింది.

మార్చినవి మూడు: నీళ్లు 750 మిల్లీలీటర్లు, పొత్తులు ఒకే వరస, ఆవిరి రావడం మొదలయ్యాక మధ్య మంట. 2 పొత్తులతో చేస్తే 8 నిమిషాలకు గింజ దగ్గర 90 డిగ్రీలు వచ్చింది. దించాక 520 మిల్లీలీటర్ల నీళ్లు మిగిలాయి. ఆ నీళ్లలో తీపి లేదు. రుచిలో ఉడకబెట్టిన దానికంటే ఇదే మేలని నలుగురిలో ముగ్గురం ఒప్పుకున్నాం. ఒకటి రెండు పొత్తులకు నేను ఇక గిన్నె నిండా నీళ్లు మరిగించను.

*ఇప్పటివరకు: 18 పొత్తులు, వృథా 5.*

పక్క పరీక్ష: నిల్వ (రోజు 6 నుంచి 8)

ఒకే రోజు వచ్చిన స్వీట్ కార్న్‌లో కూడా రుచి తేడాగా ఉండటంతో ఇది చేయాల్సి వచ్చింది. 4 పొత్తులు తీసుకున్నాను. రెండింటిని ఆకులతోనే ఫ్రిజ్‌లో, రెండింటిని ఆకులు ఒలిచి 30 డిగ్రీల వంటింట్లో 2 రోజులు పెట్టాను. బయట పెట్టినవి ఒక్కోటి 19, 22 గ్రాములు తగ్గాయి. ఫ్రిజ్‌లోవి 3 గ్రాములు మించి తగ్గలేదు. నాలుగూ ఒకేలా 8 నిమిషాలు ఆవిరి పట్టాక, బయట పెట్టినవి ఏవో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. తీపి తగ్గి పిండి రుచి వచ్చింది, తోలు మందమైంది.

కోసిన తర్వాత కూడా గింజ బతికే ఉంటుంది. తనలోని చక్కెరను పిండిగా మార్చుకుంటూనే ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆ పని వేగంగా జరుగుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిస్తుంది. ఈ మధ్య వచ్చిన అతి తీపి రకాల్లో ఈ మార్పు నిదానంగా ఉంటుంది, పాత తీపి రకాల్లో గంటల్లోనే తేడా తెలుస్తుంది. అందుకే ఈ పరీక్ష తర్వాత డైరీలో ఉన్నవన్నీ తెచ్చిన రోజే వండినవి. కుదరకపోతే ఆకులు ఒలవకుండా ఫ్రిజ్‌లో పెట్టినవి.

*ఇప్పటివరకు: 22 పొత్తులు, వృథా 5.*

దశ 3: ప్రెషర్ కుక్కర్ (రోజు 9 నుంచి 11)

పిండి పట్టిన పొత్తుల కోసమే దీన్ని దించాను. కుక్కర్ లోపల ఒత్తిడి పూర్తిగా ఎక్కితే వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది, మామూలు గిన్నెలో నీళ్లు 100 దాటవు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇది మరీ అవసరం. ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీళ్లు మరిగే వేడి దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది.

మొదటి సమస్య పొడవు. పొత్తు 21 సెంటీమీటర్లు, కుక్కర్ లోపలి వెడల్పు 19. కత్తితో కోయబోతే బెండు దగ్గర కత్తి ఆగిపోయి జారింది, వేలు తెగేది. పొత్తును రెండు చేతులతో పట్టుకుని మధ్యలో విరిస్తే సులువుగా విరిగింది. చుట్టూ ఒక గాటు పెట్టి విరిస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది.

2 పిండి పొత్తులు, 500 మిల్లీలీటర్ల నీళ్లు, మొదటి విజిల్ తర్వాత సన్న మంట మీద 15 నిమిషాలు. ఆకలి మీదున్నాం కాబట్టి పట్టకారుతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేశాను. తెరిచి చూస్తే గింజల తోళ్లు చీలి ఉన్నాయి, లోపలి పిండి బయటకు వచ్చింది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు గింజలోని నీళ్లు ఇంకా 100 డిగ్రీల పైనే ఉంటాయి, అక్కడికక్కడే మరిగి తోలును చీల్చుకుని వస్తాయి. తినగలిగాం, కానీ పళ్ల మధ్య తోలు ఇరుక్కుంది.

రెండోసారి మరో 2 పొత్తులు, 25 నిమిషాలు. స్టవ్ ఆపి, ఒత్తిడి దానంతట అది దిగే వరకు 14 నిమిషాలు ఆగాను. తోళ్లు నిండుగా, గింజలు నొక్కితే నలిగేంత మెత్తగా వచ్చాయి. నాన్న ఒక సగం పూర్తిగా తిన్నారు, రెండో సగంలో మూడు వరసలు తిన్నారు. ఈ ప్రాజెక్టులో మొదటిసారి నాకు నిజంగా సంతోషం కలిగింది ఆ పూటే.

విజిళ్లు లెక్కపెట్టడం నేను మానేశాను. మంట పెద్దదైతే ఆరు విజిళ్లు 8 నిమిషాల్లో వచ్చాయి, సన్న మంట మీద 20 నిమిషాలకు మూడే వచ్చాయి. మీ పద్ధతిని ఇంకొకరికి చెప్పాలంటే నిమిషాల్లో చెప్పండి.

స్వీట్ కార్న్ 2 పొత్తులు కూడా 5 నిమిషాలు పెట్టి చూశాను. ముద్దయ్యాయి. గింజలు ఒలిచి సూప్‌లో వేశాం. పాల పొత్తుకు కుక్కర్ వద్దు.

*ఇప్పటివరకు: 28 పొత్తులు, వృథా 5.*

దశ 4: మైక్రోవేవ్ (రోజు 12 నుంచి 14)

ఒలిచిన పొత్తును అలాగే 5 నిమిషాలు పెట్టాను. ముందు 212 గ్రాములు, తర్వాత 178. అంటే బరువులో 16 శాతం నీరు పోయింది. గింజలు తోలులా సాగాయి, చివరి రెండు వరసలు పగిలాయి. వృథా.

తర్వాత ఆకులు తీయకుండా పెట్టాను. 4 నిమిషాలకు బరువు 5 శాతమే తగ్గింది. పచ్చి ఆకుల్లోని తేమే ఆవిరై లోపల తిరిగింది. బయట నుంచి ఏమీ పోయలేదు, ఏమీ చుట్టలేదు. ఆకులే గిన్నె, ఆకులే మూత. ఇక పీచు సంగతి. దాన్ని పచ్చిగా ఉన్నప్పుడు తీయడం ఎంత విసుగో పొత్తు ఒలిచిన ప్రతివాళ్లకూ తెలుసు. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు చెందింది. పుప్పొడి ఆ పోగు కొన మీద పడి లోపలికి దిగితేనే ఆ గింజ కడుతుంది. పోగుకు పుప్పొడి అందకపోతే అక్కడ గింజ లేని ఖాళీ మిగులుతుంది. అంటే పొత్తులో ఐదారు వందల గింజలుంటే కనీసం అన్ని పోగులు. (గింజల వరసలు కూడా ఎప్పుడూ సరి సంఖ్యే. నేను లెక్కపెట్టిన వాటిలో 14, 16 ఎక్కువగా వచ్చాయి.) ఆవిరికి ఈ పోగులు గింజల మీద పట్టు వదిలి ఆకులకు అతుక్కుంటాయి, ఆకులతోపాటే ఊడివస్తాయి.

నేను స్థిరపడిన వరస:

1. పైకి వేలాడే ఎండు పీచును, ఎండిన ఆకుల కొనల్ని కత్తెరతో కత్తిరించాలి.
2. ఆకులతోనే పళ్లెం మధ్యలో కాకుండా అంచు వైపు పెట్టాలి.
3. 2 నిమిషాలు, తిప్పి పెట్టి ఇంకో 2 నిమిషాలు.
4. 2 నిమిషాలు అలాగే వదలాలి. వేడి సర్దుకుంటుంది.
5. తొడిమ వైపు మొదటి వరస గింజలు కూడా పోయేలా అడ్డంగా కోయాలి.
6. గుడ్డతో పీచు ఉన్న కొనను పట్టుకుని, కోసిన వైపు కిందికి ఉంచి దులిపితే పొత్తు ఒక్కటే జారి పడుతుంది.

మొదటి అంకెను వదిలేస్తే ఏమవుతుందో చూశాను. ఎండు పీచు కొన ఎర్రబడి పొగ వచ్చింది. వెంటనే ఆపాను కాబట్టి సరిపోయింది. మైక్రోవేవ్ నడుస్తున్నప్పుడు వంటింట్లోంచి కదలకండి.

2 పొత్తులు కలిపి 4 నిమిషాలే పెట్టినప్పుడు చివరలు 94, మధ్యలో 66 వచ్చింది. ఇంకో 3 నిమిషాలు ఇస్తే సరిపోయింది. తర్వాత 2 పొత్తులకు మొదటినుంచే 7 నిమిషాలు ఇచ్చి, మధ్యలో ఒకసారి చోట్లు మార్చాను, బాగా వచ్చాయి. మైక్రోవేవ్ శక్తి పొత్తుల మధ్య పంచుకోవాల్సిందే, కాబట్టి పొత్తులు పెరిగితే సమయం పెరుగుతుంది. నలుగురికి వండాలంటే ఆవిరి గిన్నే మేలు. పిండి పట్టిన పొత్తు ఒకటి ఇందులో 9 నిమిషాలు పెడితే ఎండి రాయిలా అయింది.

కరెంటు లెక్క కూడా వేసుకున్నాను. మా మైక్రోవేవ్ 800 వాట్లు ఇవ్వడానికి సుమారు 1,250 వాట్లు తీసుకుంటుంది. 4 నిమిషాలకు 0.083 యూనిట్. 3 లీటర్ల నీళ్లను 28 నుంచి 100 డిగ్రీలకు తేవడానికే 0.25 యూనిట్‌కు సమానమైన వేడి కావాలి, గిన్నె చుట్టూ పోయే వేడి కాకుండా. ఒక్క పొత్తు తినాలనిపించినప్పుడు ఏది వాడాలో తేలిపోయింది.

*ఇప్పటివరకు: 35 పొత్తులు, వృథా 7.*

దశ 5: మంట, బొగ్గులు, ఓవెన్ (రోజు 15 నుంచి 20)

ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

పెద్ద మంట మీద ఇనుప జాలీ పెట్టి 2 పొత్తులు వేశాను. 4 నిమిషాల్లో నల్లబడ్డాయి. కాలిపోయాయని తీసి సూది గుచ్చితే గింజ మొదలు దగ్గర 46 డిగ్రీలు. పైన బొగ్గు, కింద పచ్చి. రెండూ వృథా.

తర్వాత ఆకులతో సహా 30 నిమిషాలు నీళ్లలో నానబెట్టి కాల్చితే మాడదని విని అలాగే చేశాను. 2 పొత్తులు నానాక ఒక్కోటి 38 గ్రాముల వరకు పెరిగింది, ఆ నీళ్లన్నీ ఆకుల మధ్యే ఉన్నాయి. 22 నిమిషాలు పట్టింది. మాడలేదు, నిజమే. కానీ విప్పి చూస్తే ఆవిరికి ఉడికిన పొత్తే, కాల్చిన రుచి ఎక్కడా లేదు. ఆవిరి రుచే కావాలంటే 8 నిమిషాల్లో గిన్నెలో వస్తుంది. నానబెట్టడం నేను కొట్టేశాను.

మూడోసారి ఒలిచిన పొత్తులు 3, మధ్య మంట. మంట కొన జాలీకి తగలకుండా చూశాను. ప్రతి నిమిషానికి పావు వంతు తిప్పాను. 13 నిమిషాలకు గింజలు ముదురు పసుపు రంగుకు వచ్చి అక్కడక్కడ గోధుమ మచ్చలు పడ్డాయి. గింజ మొదలు దగ్గర 92 డిగ్రీలు. ఇందులో ఒకటి పాల పొత్తు, ఒకటి బాగా పిండి పట్టినది, ఒకటి మధ్యస్థం: గోరు గుచ్చితే చిక్కటి పాలు వచ్చిన పొత్తు. మూడింటిలో మధ్యస్థం ఎక్కడికో వెళ్లిపోయింది! నమలడానికి కొంత బిగువు, లోపల మెత్తదనం, కాలిన వాసన, అన్నీ కుదిరాయి. కాల్చడానికి పొత్తు కావాలంటే అక్కడే గోరు ఆగాలి.

స్వీట్ కార్న్ ఒకటి నేరుగా మంట మీద పెట్టాను. చక్కెర ఎక్కువ కాబట్టి 5వ నిమిషానికే నల్లబడి చేదొచ్చింది. గింజలు చిటపటమని పగిలాయి, ఒకటి ఎగిరి మణికట్టు మీద పడి బొబ్బ వచ్చింది. గింజలోని నీరు ఆవిరై తోలు తట్టుకోలేకపోతే ఇలాగే అవుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పట్టకారు పొడవుది వాడండి, ముఖం పక్కకు పెట్టండి. మర్నాడు ఇంకో స్వీట్ కార్న్‌ను ముందు 5 నిమిషాలు ఆవిరి పట్టి, తుడిచి, 3 నిమిషాలే మంట మీద తిప్పాను. తీపి తగ్గలేదు, కాలిన రుచి వచ్చింది. ఉప్పు, వెన్న, నిమ్మరసం కాల్చాకే రాశాను. ముందే వెన్న రాస్తే మంట మీద కారి పొగ వస్తుంది.

బొగ్గుల మీద 2 పొత్తులు. మంట ఆరి, బొగ్గుల మీద తెల్లని బూడిద పొర వచ్చేవరకు ఆగాను. జాలీ బొగ్గులకు 8 సెంటీమీటర్ల ఎత్తులో. 15 నిమిషాలు, నిమిషానికోసారి తిప్పుతూ. గ్యాస్ మంట కంటే సెగ అంతటా సమంగా తగిలింది, రుచిలో ఇదే మొదటి స్థానం. బొగ్గుల పని బయటే చేయాలి. ఇంట్లో, కిటికీలు తెరిచినా సరే, చేయకూడదు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

ఓవెన్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఆకులతో 2 పొత్తులు, 200 డిగ్రీలు, 30 నిమిషాలు. మైక్రోవేవ్‌లో వచ్చిన ఫలితమే, పీచు కూడా అలాగే ఊడింది. ఓవెన్ వేడెక్కడానికి ఇంకో 12 నిమిషాలు. ఒకేసారి ఎనిమిది పది పొత్తులు వండాల్సి వస్తే పనికొస్తుంది.

*ఇప్పటివరకు: 48 పొత్తులు, వృథా 10.*

దశ 6: స్టవ్ ఆపేసి వండటం (రోజు 22, 23)

భోజనానికి అందరూ ఒకేసారి రారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మెత్తబడిన పొత్తు పెట్టాల్సి వస్తోంది. దానికోసం ఇది.

4 లీటర్ల నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, 3 పాల పొత్తులు వేసి మూత పెట్టాను. 10 నిమిషాలకు నీళ్లు 87 డిగ్రీలు, 30 నిమిషాలకు 79. ఒకటి 10కి, ఒకటి 20కి, ఒకటి 30కి తీశాను. మూడింటి మధ్య తేడా దాదాపు లేదు. మూడోది కూడా పంటి కింద టప్‌మని పగిలింది. మొక్కజొన్న పిండి 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉడుకుతుంది. గింజకు బిగువునిచ్చే పెక్టిన్ బాగా కరగాలంటే 85 దాటిన వేడి చాలాసేపు కావాలి. ఈ రెంటి మధ్య నీళ్లు నిలిచి ఉంటే పిండి ఉడుకుతుంది, బిగువు మిగులుతుంది. మరిగే నీళ్లలో అయితే ప్రతి అదనపు నిమిషం బిగువును తినేస్తుంది.

అదే ధైర్యంతో 2 లీటర్ల నీళ్లలో 6 పొత్తులు వేశాను, అవీ ఫ్రిజ్‌లోంచి తీసినవే. 10 నిమిషాలకు నీళ్లు 68కి పడిపోయాయి. గింజలు గోరువెచ్చగా, పచ్చి వాసనతో ఉన్నాయి. స్టవ్ మళ్లీ వెలిగించి 85కి తెచ్చి కాపాడుకున్నాను, వృథా కాలేదు. తప్పు లెక్కలోనే ఉంది. దాదాపు కిలోన్నర చల్లని పొత్తుల్ని వేడెక్కించే శక్తి 2 లీటర్లకు లేదు.

1. ఒక్కో పొత్తుకు 1.3 లీటర్లకు తగ్గకుండా నీళ్లు.
2. పొత్తులు గది వేడికి వచ్చి ఉండాలి.
3. మందపాటి గిన్నె, గట్టి మూత.
4. 10 నిమిషాల తర్వాత ఎప్పుడైనా తీయొచ్చు. 60 డిగ్రీల కంటే కిందికి దిగనిచ్చి గంటల తరబడి వదలకూడదు.

*ఇప్పటివరకు: 57 పొత్తులు, వృథా 10.*

దశ 7: రెండు పద్ధతులు కలిపి (రోజు 25)

కాల్చిన రుచి నాన్నకు ఇష్టం, కాల్చిన ముదురు గింజ ఆయన పళ్లకు లొంగదు. కుక్కర్‌లో మెత్తబడినదానికి వాసన లేదు. మిగిలిన 2 పిండి పొత్తులతో ఇలా చేశాను:

1. గాటు పెట్టి నాలుగు సగాలుగా విరిచాను. బరువు మొత్తం 486 గ్రాములు.
2. కుక్కర్‌లో మొదటి విజిల్ తర్వాత 25 నిమిషాలు. ఒత్తిడి దానంతట అది దిగనిచ్చాను.
3. జల్లెడలో 5 నిమిషాలు ఆరబెట్టి, గుడ్డతో తుడిచాను. తడి ఉంటే మంట మీద ఆవిరి పట్టడమే అవుతుంది, రంగు రాదు.
4. మధ్య మంట మీద 4 నిమిషాలు, అర నిమిషానికోసారి తిప్పుతూ.
5. వెన్న, ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం.

తుడవడం మొదటి సగానికి మర్చిపోయాను. దానికి రంగు రావడానికి 7 నిమిషాలు పట్టింది, గింజలు కొంచెం ఎండాయి. దాన్ని నేను తీసుకున్నాను. అమ్మ ఒక సగం, నాన్న రెండు సగాలు తీసుకున్నారు. ఆయన మాట్లాడకుండా వరస తర్వాత వరస తింటూ పోయారు. పళ్లెం తీసేటప్పుడు ఆయన పక్కన పెట్టిన రెండు బెండు ముక్కలు త్రాసు మీద పెట్టాను: 64 గ్రాములు. ఒక్క గింజ మిగల్లేదు.

*చివరి లెక్క: 59 పొత్తులు, వృథా 10.*